విశ్వవిద్యాలయమా, విపణి వీథియా?

సాయంకాలం ఆరు దాటిన పిమ్మట పంజగుట్ట చౌరస్తా నుండి అమీర్‌పేట వైపు నడిచే మన విద్యార్థులకు మైత్రీవనం దృశ్యం కొత్త కాదు. మేడ మేడకూ బోర్డులు. ఇన్ని దినాలలో ఇంత విద్య, ఇంత రుసుము అని చేతికి అందించే కరపత్రాలు. ఆ శిక్షణాలయాలను నేను నిందించబోవడం లేదు. అంగడి తాను అంగడినని చెప్పుకొంటే అందులో మోసం లేదు. నా ఆవేదన వేరు. ప్రజాధనంతో వెలసిన విశ్వవిద్యాలయాలు సైతం ఈ వీథి లెక్కలనే నేర్చుకొంటున్నాయి. ఆ చదువుకు రుసుము చెల్లిస్తున్నవారు మన ఎం.ఏ., ఎం.ఎస్సీ., పిహెచ్.డి. విద్యార్థులు.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో స్థాపితమైనది. అంతకు ముందే, 1917లో, ఉర్దూలో పాఠ్యగ్రంథాలు సిద్ధపరచుటకు అనువాద శాఖ ఏర్పడింది. మన పెద్దలు దారుల్ తర్జుమా అని గౌరవంతో చెప్పుకొనేది దానినే. ఆ రాజ్యంలో అధిక సంఖ్యాకుల భాష తెలుగు గదా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. దానిని నేను కాదనను. అయినా ఈ గ్రంథానికి గిరాకీ ఎంత, ఈ శాఖకు రాబడి ఎంత అని ముందుగా ప్రశ్నించి ఉంటే ఒక్క సంపుటమైనా వెలువడేదా?

ఆ ప్రశ్న 1990 దశకంలో వచ్చింది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల నిధులను పరిశీలించిన జస్టిస్ పున్నయ్య సంఘం, అవి తమ వార్షిక వ్యయంలో మొదట 15 శాతాన్ని, క్రమంగా 25 శాతాన్ని స్వయంగా సంపాదించుకోవాలని సూచించింది. ప్రధాన భారం ప్రభుత్వానిదేనని కూడా ఆ సంఘమే చెప్పింది. ఆ మాట ఎవరికీ జ్ఞాపకం లేదు. 2000లో వచ్చిన బిర్లా-అంబానీ నివేదిక ఇంకా ముందుకు వెళ్లి, ఉన్నత విద్యకు అనుభవించేవాడే చెల్లించాలన్నది. 2017లో ఏర్పడిన ఉన్నత విద్యా ఆర్థిక సంస్థ వల్ల గ్రాంటు స్థానంలో అప్పు వచ్చింది. అప్పు తీర్చవలసిన సంస్థ ఎవరి వైపు చేయి చాస్తుందో వివరించనక్కరలేదు.

ఫలితం తరగతి గదిలోనే కనిపిస్తుంది. ఒకే బల్ల మీద కూర్చున్న ఇద్దరు ఎం.ఎస్సీ. విద్యార్థులకు అధ్యాపకుడు ఒకడే, పట్టా ఒకటే. ఒకరిది రెగ్యులర్ సీటు, మరొకరిది సెల్ఫ్ ఫైనాన్సు సీటు. పరిశోధకుల స్థితి ఇంకా దయనీయం. రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో మంజూరైన అధ్యాపక పదవులు సగానికి పైగా ఖాళీ. కాంట్రాక్టు ఉపాధ్యాయులు పాఠాలు చెప్పి తరగతులు నిలబెడుతున్నారు. కాని నిబంధనల ప్రకారం శాశ్వతోద్యోగి మాత్రమే పర్యవేక్షకుడు కాగలడు. జీతంలో మిగుల్చుకొన్న పైకానికి బదులుగా పరిశోధకుడు మార్గదర్శిని కోల్పోతున్నాడు. ఇటువంటి దశలోనే 2023లో ఉస్మానియాలో పిహెచ్.డి. రుసుము పలు రెట్లు పెరిగింది, విద్యార్థులు నిరసించారు.

ఉపకార వేతనాల సంగతి మన కళాశాలకు మరీ దగ్గరిది. నెట్ లేని పరిశోధకులకు నెలకు 8,000 రూపాయలిచ్చే పద్ధతి కేంద్రీయ విశ్వవిద్యాలయాలకే పరిమితం. దానిని సైతం 2015లో రద్దు చేయబోతే దేశమంతటా విద్యార్థులు ఆందోళన చేసి నిలుపుకొన్నారు. అల్పసంఖ్యాక వర్గాల పరిశోధకులకు 2009 నుండి ఊతమైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022-23 నుండి ఇతర పథకాలతో కలసిపోతున్నదన్న కారణంతో నిలిపివేశారు. మన బి.ఏ., బి.ఎస్సీ. తరగతులలో ఈనాడు కూర్చున్న వారికి ఇక ఆ ద్వారం లేదు.

మన పూర్వ విద్యార్థిని ఒకామె రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తున్నది. పగలు ప్రయోగశాల, సాయంకాలం అమీర్‌పేటలో ఇంటర్ పిల్లలకు పాఠం. గత సంవత్సరం కలిసినప్పుడు, “ఈ నెల సిలికా జెల్ నా డబ్బుతోనే కొన్నాను సార్, హాస్టలు బాకీ మిగిలిపోయింది” అన్నది. ఫిర్యాదు వలె కాదు, లెక్క చెప్పినట్లు అన్నది. నాకు అదే ఎక్కువ బాధ కలిగించింది.

ప్రభుత్వం ముందు ప్రాథమిక విద్యకు ఖర్చు పెట్టవద్దా అని అడిగే మిత్రులు ఉన్నారు. పెట్టవలసిందే. కాని ఆ బడిలో చెప్పే పంతులుకు పాఠం చెప్పినవారు ఎక్కడ చదివారు? ఇక అనుభవించేవాడే చెల్లించాలన్న వాదం. ఇంజనీరు విషయంలో కొంత అంగీకరిస్తాను. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో మొగలాయిల, అసఫ్‌జాహీల కాలపు ఫార్సీ, ఉర్దూ పత్రాలున్నాయి. వాటిని చదవగలిగేందుకు ఏళ్ల తరబడి ఫార్సీ నేర్చిన పరిశోధకుని విద్యను అనుభవించేది అతడొక్కడేనా? మన పూర్వుల భూమి తగాదాలు, జాగీరు లెక్కలు చదివించుకోవలసినది మనం కాదా? అమీర్‌పేటలో ఆ విద్యకు కరపత్రం వేసేవాడు లేడు.

పాలకవర్గం వారికి ఒక మనవి. ఫెలోషిప్ పునరుద్ధరణ కోరుతూ కళాశాల పక్షాన మహజరు పంపడం కష్టం కాదు. వార్షికోత్సవపు షామియానాలోనూ దీపాలంకరణలోనూ కొంత తగ్గించి పరిశోధనకు వెళ్లిన పూర్వ విద్యార్థులకు చిన్న నిధి ఏర్పరచవచ్చు. ఇవి ఆలస్యమైనా, మన రసాయన ప్రయోగశాలకు ఐదు గంటలకే పడుతున్న తాళాన్ని ఎనిమిది వరకు వేయకుండా ఉంచడానికి ఏ కమిటీ తీర్మానమూ అవసరం లేదు.