పై మెరుగులు

పాత కారుకు వచ్చే కష్టాలు రెండు రకాలు. ఇంజను మొరాయిస్తే కారు కదలదు. అది వీధి వీధంతా చూసే కష్టం. రబ్బరు చివికితే కారు కదులుతుంది గాని వాన లోపలికి వస్తుంది. అది లోపల కూర్చున్నవాళ్లకు తప్ప మరొకరికి తెలియదు. ఈ రెండో రకం కష్టం గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలని వున్నది.

మా యింట్లో 1964 నాటి ఆంబాసిడర్ వుంది. మా తాతగారు కొన్నది. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ను ఒరవడిగా తీసుకుని, కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారుచేసిన కారు అది. ఆ తయారీ 2014లో ఆగిపోయింది. మాది అంతకు ముందే ఆగిపోయి, పెరట్లో రేకుల కింద దుమ్ము కప్పుకుని నిద్రపోతున్నది.

దాన్ని నిద్ర లేపాలన్న కోరిక నాది కాదు, మా నాన్నగారిది. ఆయనకు డెబ్భై యేడేళ్లు. నీటికాసుల జబ్బుతో నాలుగేళ్ల కిందట రెండు కళ్లూ పోయాయి. మా మేనత్త తెనాలిలో వుంటుంది. ఆవిడకు ఎనభై నిండాయి. 1965లో పెళ్లయి అత్తవారింటికి వెళ్లింది ఈ కారులోనే.

"శ్రావణమాసంలో అక్కయ్యను ఆ కారులోనే పుట్టింటికి తీసుకురావాలిరా" అన్నారు నాన్నగారు ఒకరోజు. ఇంకెన్ని శ్రావణాలున్నాయని నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఇంజను పని అయింది. సొట్టలు తీయించి రంగు వేయించాం. ఇక మిగిలినవి బంపర్లు, గ్రిల్లు, దీపాల చుట్టూ రింగులు, అద్దం చుట్టూ మెరిసే పట్టీ, వాటితోపాటు రబ్బరు బీడింగులు. చేతిలో వున్న డబ్బు అన్నిటికీ చాలదు. అలంకారశాస్త్రం చెప్పుకుని బతికేవాణ్ణి గనక నా మనసు అలంకారం మీదికే పోయింది. ముందు బంపరు, గ్రిల్లు, రింగులు మెరుగు పెట్టించాను. ముందు అద్దానికి వున్న పాత రబ్బరునే వుంచి, పగుళ్లలో నల్లటి సీలెంటు కూరాను. తలుపులకు మీటరు లెక్కన చవక బీడింగు తెచ్చి, ఆదివారం పూట నేనే అంటించాను. ఒక జానెడు తక్కువైతే సాగదీసి సరిపెట్టాను.

కారు తళతళలాడింది. పిల్లలు బంపరులో ముఖాలు చూసుకున్నారు. నాన్నగారి చెయ్యి పట్టుకుని తీసుకువచ్చాను. ఆయన బంపరు తడిమి "నున్నగా వుంది" అన్నారు. తలుపు తీసి వేశారు. మళ్లీ తీసి వేశారు.

"తలుపు సరిగా పడటం లేదురా. చప్పుడు వేరుగా వుంది" అని, లోపల ముందు సీట్లో కూర్చుని, "అమ్మాయిని గొట్టంతో నీళ్లు పట్టమను" అన్నారు.

మా ఆవిడ నీళ్లు పట్టింది. రెండు నిమిషాలు కాలేదు.

"మోకాలి మీద పడుతోంది" అన్నారు నాన్నగారు. కోప్పడలేదు. పంచె దులుపుకుని దిగి, "శ్రావణమంటే వానలే గదా" అని మాత్రం అన్నారు. నేను మెరుగు పెట్టించినవాటిలో ఏ ఒక్కటీ ఆయన చూడలేరని నాకప్పుడు తట్టింది.

మర్నాడు ఆటోనగరు నుంచి మేస్త్రీని పిలిపించాను. ఆయన చుట్టూ తిరిగి చూసి, "మాష్టారూ, చొక్కా ఇస్త్రీ చేసి బొత్తాలు కుట్టడం మరిచారు" అని, నేను అంటించిన బీడింగంతా పీకేశాడు.

నేను నేర్చుకున్న పాఠం అక్కడ మొదలయింది. రబ్బరు వేయకముందే తలుపు దాని చట్రంలో సరిగా కూర్చోవాలి. చుట్టూ సందు ఒకే తీరుగా వుండాలి. వంకర తలుపును రబ్బరు సరిచేయలేదు. మందం ఎక్కువైతే తలుపు పడదు. తక్కువైతే నీరు ఆగదు. ఇది తెలుసుకునేందుకు మేస్త్రీ ఒక కాగితం ముక్క తలుపు సందులో పెట్టి, తలుపు వేసి లాగాడు. కాగితం కొంచెం బిగువుగా రావాలి. జారి వచ్చేస్తే అక్కడ సందున్నట్టు. ఇలా తలుపు చుట్టూ బెత్తెడు బెత్తెడు దూరంలో చూశాడు.

రబ్బరును సాగదీసి అంటించకూడదట. సాగిన రబ్బరు నాలుగు రోజుల్లో వెనక్కి ముడుచుకుని, మూలల దగ్గర నోరు తెరుస్తుంది. పైగా గాలిలోని ఓజోను మామూలు రబ్బరును పగలగొడుతుంది. సాగి వున్న చోట మరీ త్వరగా. ఈపీడీఎం అనే రకం దాన్ని బాగా తట్టుకుంటుంది గనక అదే తెప్పించాడు. మూలల దగ్గర కాస్త లోపలికి నెట్టుతూ అంటించి, అతుకు తలుపు అడుగున వచ్చేట్టు చూశాడు.

తలుపు అడుగు అంచున చిన్న చిన్న రంధ్రాలున్నాయి. నేను వాటినీ సీలెంటుతో పూడ్చేశాను! మేస్త్రీ తీగతో పొడిచి తెరిచాడు. కిటికీ అద్దం దిగే సందులోంచి తలుపు పొట్టలోకి నీరు ఎలాగూ పోతుందట. అది అడుగున బయటికి పోకపోతే ఇనుము లోపలినుంచి తుప్పు పడుతుంది. నీటిని ఆపడం సగం పని. ఆగని నీటికి దారి ఇవ్వడం మిగతా సగం.

ముందు అద్దం బిగించడం చూడవలసిందే. కొత్త రబ్బరును అద్దం చుట్టూ తొడిగి, మెరిసే పట్టీని అప్పుడే దాని గాడిలో కూర్చోబెట్టాడు. రెండో గాడిలో చుట్టూ ఒక గట్టి తాడు దూర్చి, రెండు కొసలూ అడుగున మధ్యకు తెచ్చాడు. నేను గ్రీజు డబ్బా అందించబోతే, "వద్దు, గ్రీజుకు రబ్బరు ఉబ్బిపోతుంది. సబ్బునీళ్లు చాలు" అన్నాడు. నేను బయటినుంచి అరచేతులతో అద్దాన్ని అదిమి పట్టుకుంటే, ఆయన లోపల కూర్చుని తాడు లాగుతూ వచ్చాడు. తాడు వచ్చినకొద్దీ రబ్బరు పెదవి ఇనుప అంచు మీదికి ఎక్కి కూర్చున్నది.

మళ్లీ నీటి పరీక్ష. నాన్నగారు తానే లోపల కూర్చుంటానన్నారు. మేస్త్రీ ఈసారి అడుగునుంచి మొదలుపెట్టి, మెల్లగా పైకి పోతూ నీళ్లు పట్టాడు. పైనుంచి పడితే అంతా ఒకేసారి తడిసి, కారే చోటు తెలియదట. నాన్నగారు రబ్బరు వెంట వేళ్లు నడుపుతూ కూర్చున్నారు. అద్దం ఎడమ పైమూల దగ్గర ఆయన వేలు ఆగింది.

"ఇక్కడ" అన్నారు.

నాకు పొడిగానే కనిపించింది. మేస్త్రీ వేలు పెట్టి చూసి తల వూపాడు. పెదవి పైకెత్తితే, కింద గింజంత నల్లటి ముద్ద. నా సీలెంటే! అది గీకేసి రబ్బరు సర్దాక నాన్నగారు మరో పావుగంట కూర్చున్నారు. దిగి, తలుపు వేసి, చప్పుడు విని, "ఇప్పుడు పడింది" అన్నారు.

రబ్బర్లకూ మేస్త్రీ కూలికీ డబ్బు సరిపోయింది. వెనక బంపరు మాత్రం మాసినది మాసినట్టే వుండిపోయింది.

శ్రావణ శుక్రవారానికి రెండు రోజుల ముందు తెనాలి వెళ్లాం. తిరిగి వస్తుంటే సగం దారిలో వాన అందుకున్నది. అద్దాల మీద ధారలు కట్టింది. వెనక సీట్లో మేనత్త, పక్కన నాన్నగారు.

"కారు కొత్త పెళ్లికూతురులా మెరిసిపోతున్నదిరా తమ్ముడూ" అన్నది మేనత్త.

"మెరుపు సంగతి నాకు తెలియదక్కయ్యా" అన్నారు నాన్నగారు, ఆవిడ పక్కనున్న తలుపు దాకా చెయ్యి చాచి తడుముతూ. "నువ్వు తడవలేదు గదా?"

"లేదురా."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, యింటికి వచ్చేదాకా హాయిగా నిద్రపోయారు.