వాల్ట్ సిటీకి ఓటేసిన తమ్ముళ్లకు

పొడుగు పోస్టే, చాయ్ పక్కన పెట్టుకుని చదవండి.

పోయిన ఆదివారం మన గ్రూపులో కుర్రాళ్లు ఫాల్అవుట్ ఆటల్లో ఎవరికి ఏ ఊరు ఇష్టమని ఓటింగ్ పెట్టారు. వాల్ట్ సిటీ గెలిచింది. మర్నాడే పెద్దలు సవరణ ముసాయిదా పెట్టారు. సొంతూరు తెలంగాణలో ఉందని కాగితం చూపినవాళ్లకే ఇకమీద పూర్తి సభ్యత్వం, ఓటు, పిల్లలకు స్కాలర్‌షిప్ అట. నాకైతే ఈ రెండూ ఒకటే సంగతిగా కనబడుతున్నాయి.

ఈ వయసులో వీడియో గేమా అని నవ్వేవాళ్లు నవ్వండి. ఫాల్అవుట్ మొదటి భాగం 1997లో, రెండోది 1998లో వచ్చాయి. కథలో 2077లో అణుయుద్ధం జరిగి లోకం బూడిదవుతుంది, మిగిలిన మనుషులు మళ్లీ ఊళ్లు కట్టుకుంటారు. కొట్లాట చదరంగంలాగా వంతులవారీగా సాగుతుంది కాబట్టి నా వేళ్లకు తొందర లేదు. రిటైరయ్యాక మా అబ్బాయి నేర్పాడు, రెండూ ముగించాను.

వాల్ట్ సిటీ ఉన్నది రెండో భాగంలో. శుభ్రమైన వీధులు, డాక్టర్లు, సారా మీద నిషేధం. నచ్చదా మరి! కానీ గోడ బయట ఎవరున్నారో చూశారా తమ్ముళ్లూ? అమాండా అనే ఆమె ఉంది. ఆమె మొగుడు జాషువాను లోపలికి తీసుకుపోయి పనివాడిని చేశారు. అక్కడ బానిస అనరు, సర్వెంట్ అంటారు. పౌరసత్వానికి పరీక్ష ఒకటుంది, మామూలు మనిషి గట్టెక్కేది కాదు. ప్రథమ పౌరురాలు లినెట్ బయటివాళ్లతో మాట్లాడే తీరు వినండి, మన మీటింగుల్లో కొందరి గొంతు గుర్తొస్తుంది. ఇంతకీ వీళ్ల తాతలెవరు? యుద్ధానికి భయపడి వాల్ట్ 8 అనే నేలమాళిగలో దాక్కుని, తర్వాత పైకొచ్చినవాళ్లే.

మన తాతలు? కరీంనగర్, నల్గొండ, వరంగల్ నుంచి మగ్గాన్ని నమ్ముకుని బయల్దేరినవాళ్లు. అప్పుడు భివండి సొంతూరి కాగితం అడిగి ఉంటే ఈ పద్మానగర్ ఉండేదా?

నాది సేలం వైపు. ఇంట్లో తెలుగు, బడిలో అరవం. తెలుగు అక్షరాలు రైల్వేలో చేరాక రాత్రి డ్యూటీల్లో నేర్చుకున్నాను. పోయిన ఏడాది నా మనవరాలి స్కాలర్‌షిప్ ఫారం 'సొంతూరు సేలం' అని వెనక్కొచ్చింది. అప్పుడు నియమం లేకుండానే చేశారు, ఇప్పుడు దానికి నియమం రాస్తున్నారు. నా సంగతి వదిలేయండి. రాత్రి పాళీలో సాంచెలు నడిపే కుటుంబాల్లో ఊళ్లో ఇల్లు కూలిపోయి, రేషన్ కార్డు కూడా ఇక్కడిదే అయినవాళ్లు ఎంతమంది? మన హాలు ఊడ్చే అక్క ఏ కాగితం తెస్తుంది?

నా ఓటు గెక్కోకు. వాల్ట్ సిటీకి దగ్గర్లోనే ఉంటుంది. రేడియేషన్‌కు చర్మం ఊడిపోయిన గూల్స్ బతికే ఊరు. చూడ్డానికి అసహ్యమే. పాత అణు కరెంటు కేంద్రాన్ని వాళ్లే ఎలాగో నెట్టుకొస్తుంటారు. అది లీకై వాల్ట్ సిటీ భూగర్భజలం పాడవుతోంది. లినెట్‌కు ఆ పీడ విరగడైతే చాలు. రిపేరుకు కావలసిన భాగం ఎక్కడుందో తెలుసా? వాల్ట్ సిటీ సామాన్లలోనే! అది ఇచ్చి బాగుచేయిస్తే వీళ్ల నీళ్లూ బాగవుతాయి. ఇక గెక్కోలో అడుగుపెట్టడానికి ఎవరూ కాగితం అడగరు.

గోడ లేకపోతే సంఘం కొట్టుకుపోతుందని ఒక అన్న రాశారు. మొదటి భాగంలో షేడీ శాండ్స్ అనే పల్లె ఉంది అన్నా. మట్టి ఇళ్లు, చుట్టూ గోడ, పెద్దమనిషి అరదేశ్. (పేరు మనవాడిదిలా లేదూ?) రెండో భాగానికి ఆ పల్లే న్యూ కాలిఫోర్నియా రిపబ్లిక్‌కు రాజధాని. అరదేశ్ కూతురు టాండీ అధ్యక్షురాలు. ఆ రిపబ్లిక్‌కూ పక్క ఊళ్లను మింగే బుద్ధి ఉంది, ఆ గొడవ ఇంకోసారి. కానీ గోడ లోపలే కూర్చుని అది అంత పెరగలేదు.

సర్వసభ్య సమావేశంలో నేను ఈ సవరణకు వ్యతిరేకంగా చెయ్యెత్తుతాను. ముసాయిదా రాసిన అన్నలు ఒక్కదానికి రాతపూర్వకంగా జవాబివ్వండి: కాగితం లేని సభ్యుల దగ్గర ఇన్నేళ్లూ రసీదు చించి తీసుకున్న చందా తిరిగిస్తారా?