మనకైతే కారణం... ఎదుటివారికైతే గుణం!

అన్నయ్య గృహప్రవేశం. పాలు పొంగించాల్సింది ఆడపడుచే కాబట్టి చెల్లెలు భర్తనీ పిల్లల్నీ వెంటబెట్టుకుని చీకటితోనే బస్సెక్కింది. సగం దారిలో టైరు పంక్చరైంది. అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పింది కానీ, వెళ్లేసరికి ముహూర్తం దాటిపోయింది. ఎవరో బంధువుల అమ్మాయి చేత పాలు పొంగించేశారు. మనసు చివుక్కుమన్నా సర్దుకుంది. ఇంతలో వదిన ఎదురైంది. 'వచ్చారా' అని ముక్తసరిగా ఓ మాట అనేసి లోపలికి వెళ్లిపోయింది. భోజనాలయ్యాక బొట్టుపెట్టి చీర ఇచ్చేటప్పుడూ మొహాన నవ్వు లేదు. అంతే! 'సొంతిల్లు కాగానే ఎంత గీర వచ్చేసింది' అనుకుంది చెల్లెలు. రెండ్రోజులు ఉందామని వచ్చిన మనిషి, మూడు గంటల బస్సుకే తిరుగు ప్రయాణమైంది.

మూడు వారాల తర్వాత వదిన వాళ్లమ్మ చనిపోయారు. చెల్లెలు వెళ్లలేదు. భర్తని పంపించి ఊరుకుంది.

ఏడాది గడిచాక ఓ పెళ్లిలో పెద్దమ్మ నోట అసలు సంగతి బయటపడింది. గృహప్రవేశం రోజు తెల్లవారుజామునే వదిన తల్లికి గుండెనొప్పి వస్తే ఆస్పత్రిలో చేర్చారు. శుభమా అని పాలు పొంగించేవేళ ఆ కబురు చెప్పడం ఇష్టంలేక, దుఃఖాన్ని దిగమింగుకుని వచ్చినవాళ్లందరికీ మర్యాదలు చేసిందామె. వదిన మనసులోనూ ఓ ముల్లుంది. 'సొంత అన్న ఇంటి శుభకార్యానికి ముహూర్తం దాటాక వస్తుందా? ఎంత లెక్కలేనితనం!' అని. ఆ హడావుడిలో టైరు సంగతి అన్నయ్య ఆమెకి చెప్పనేలేదు మరి.

కనిపించేది మనిషే!

ఇద్దరూ మంచివాళ్లే. ఇద్దరూ చేసిన పొరపాటు ఒక్కటే. తన ఆలస్యానికి చెల్లెలు చూపించుకున్న కారణం టైరు. వదిన ముభావానికి ఆమె కట్టిన పేరు గీర. వదినా అంతే. తన మౌనం వెనక ఏముందో తనకి తెలుసు. ఆడపడుచు ఆలస్యం మాత్రం ఆమెకి నిర్లక్ష్యంలా కనిపించింది. ఎదుటివారి ప్రవర్తన చూసి వాళ్ల పరిస్థితిని వదిలేసి స్వభావాన్ని తప్పుపట్టే ఈ ధోరణికి అమెరికన్ సైకాలజిస్టు లీ రాస్ 1977లో 'ఫండమెంటల్ ఆట్రిబ్యూషన్ ఎర్రర్' అని పేరు పెట్టారు. మన సంగతికొచ్చేసరికి చుట్టూ ఉన్న ఇబ్బందులన్నీ మనకి తెలుస్తాయి. ఎదుటివారి విషయంలో కంటికి ఆనేది ఆ మనిషి ఒక్కరే.

నిజానికి పరిస్థితి ఎంతటివారినైనా మార్చేస్తుంది. జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే సైకాలజిస్టులు అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో చేసిన ఓ ప్రయోగం ఫలితాలు 1973లో వెలువడ్డాయి. మతబోధకులు కావడానికి చదువుకుంటున్న విద్యార్థుల్ని ప్రసంగం కోసం పక్క భవనానికి వెళ్లమన్నారు. దారిలో ఒక మనిషి దగ్గుతూ, మూలుగుతూ కూలబడి ఉండేలా ఏర్పాటు చేశారు. తొందరేమీ లేదని చెప్పి పంపిన వాళ్లలో 63 శాతం మంది ఆగి సాయం చేయబోయారు. 'ఇప్పటికే ఆలస్యమైంది' అని తరిమిన వాళ్లలో ఆగింది 10 శాతమే! వాళ్లలో కొందరు మాట్లాడాల్సిన అంశం, దారిలో పడి ఉన్న బాటసారిని ఆదుకున్న మంచి సమరయుడి కథ. ఆగని వాళ్లని చూస్తే ఎవరైనా 'జాలిలేని మనుషులు' అనే అంటారు. వాళ్లని నడిపించింది గడియారం.

మైసూరు చెప్పిన మాట

ఈ అలవాటు అన్నిచోట్లా ఒకేలా ఉండదట. జోన్ మిల్లర్ అనే పరిశోధకురాలు షికాగోలోని అమెరికన్లనీ మన మైసూరులోని వాళ్లనీ పోల్చి చూసి 1984లో ఫలితాలు ప్రచురించారు. తెలిసినవాళ్లు చేసిన మంచిపనులకీ చెడ్డపనులకీ కారణాలు చెప్పమంటే అమెరికన్ పెద్దలు ఎక్కువగా స్వభావాన్నీ, మైసూరు పెద్దలు ఎక్కువగా సందర్భాన్నీ చెప్పారు. ఎనిమిదేళ్ల పిల్లల్లో మాత్రం రెండు దేశాల మధ్యా పెద్ద తేడా కనిపించలేదు. వయసుతోపాటే ఆ తేడా పెరిగింది. అంటే ఇది పుట్టుకతో వచ్చేది కాదు, చుట్టూ ఉన్న పెద్దల్ని చూసి నేర్చుకునేది. 'పాపం, ఏ ఇబ్బందిలో ఉన్నాడో' అనే మాట ఇంట్లో వినిపిస్తుంటే పిల్లలకీ ఆ చూపు అలవడుతుంది. 'వాడంతే, వాళ్ల వంశమే అంత' అంటుంటే అదీ అలవడుతుంది.

మూడు ప్రశ్నలు

అలాగని ఎవరేం చేసినా పరిస్థితుల మీదకి నెట్టేసి భరించాలని కాదు. నిజంగానే మాట దురుసైనవాళ్లూ, మనుషుల్ని లెక్కచేయనివాళ్లూ ఉంటారు. తేడా తెలుసుకోవడానికి హెరాల్డ్ కెల్లీ అనే సైకాలజిస్టు 1967లో వివరించిన పద్ధతి ఇంట్లోనూ పనికొస్తుంది. ఆ మనిషి ప్రతిసారీ ఇలాగే ఉంటారా? అందరితోనూ ఇంతేనా? అదే పరిస్థితిలో మరొకరున్నా ఇలాగే చేస్తారా? గృహప్రవేశం రోజు చెల్లెలు మొదటి ప్రశ్న ఒక్కటి వేసుకున్నా సరిపోయేది. అంతకుముందు ఎన్ని పండగలకి ఆ వదినే కొసరి కొసరి వడ్డించలేదూ! ఎప్పుడూ నవ్వే మనిషి ఆరోజు నవ్వలేదంటే, అడగాల్సిన సమయం అదే.

పెళ్లింట్లోనే చెల్లెలు వదినని పక్కకి తీసుకెళ్లింది. 'ఆరోజు ఏమైంది వదినా అని ఒక్క మాట అడగలేకపోయాను' అంటూ చెయ్యి పట్టుకుంది. టైరు సంగతీ అప్పుడే మాటల్లోకి వచ్చింది. ఇద్దరూ ఏడ్చారు, ఆనక నవ్వుకున్నారు. ఇప్పుడు వారానికోసారైనా ఫోన్ చేసుకుంటున్నారు. తల్లి పోయిన రోజు వదిన పక్కన కూర్చోలేకపోయానన్న బాధ మాత్రం ఆ ఆడపడుచుకి అలాగే మిగిలిపోయింది.