కట్టని ఓడకు చెల్లించిన వెల



గడచిన మాసమున మా తోడికోడలి యొద్దనుండి మాకొక జాబు వచ్చినది. ఆమెయు మా మరిదియు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున కాపురముండుట మీలో కొందఱెఱుగుదురు. క్షేమసమాచారములన్నియు వ్రాసి, కట్టకడపట నామె యిట్లు వ్రాసినది:

“అక్కా, మీ మరిదిగారు రెండు ఓడలు కొన్నారు. అవి నీటిలో నడచునవి కావు, ఆకాశమున నడచునవి. నిజమైన ఆకాశమునను గాదు, కంప్యూటరులోని ఆకాశమున. చిన్న ఓడ యేదో నడచుచున్నదట. పెద్ద ఓడ బొమ్మగానే యున్నది, ఇంకను కట్టవలెనట! 2013వ సంవత్సరము నుండియు వారీ యాటకై యెదురుచూచుచున్నారు. ఎప్పుడు పూర్తియగునని యడిగినచో నవ్వుదురు. నేను నగ లడుగలేదు, పట్టుచీర లడుగలేదు. కట్టని ఓడకు వెల యిచ్చిన వారితో పోట్లాడవలెనో ఊరకుండవలెనో మీరే చెప్పుడు.”

జాబు చదివి మేము మొదట నవ్వితిమి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమను సామెత నోటికి వచ్చినది. కాని విషయమెఱుగక తీర్పు చెప్పుట తగదు గదా! మా మరిదిని ఫోనులో నడిగియు, మా వారి సాయమున చదివియు ఈ యాట చరిత్రమును తెలిసికొంటిమి. తెలిసికొన్న కొలది మా నవ్వు తగ్గినది. ఇందు మన యిండ్లకు సంబంధించిన సంగతి యొకటి యున్నదని తోచి, మీ ముందుంచుచున్నాము.

ఆట పేరు స్టార్ సిటిజన్. దానిని తలపెట్టినవాడు క్రిస్ రాబర్ట్స్ అను నాతడు. 1990లో ఇతడు నిర్మించిన వింగ్ కమాండర్ అను వీడియో గేము ఆ నాటి పిల్లలను మిక్కిలి యలరించినది. నక్షత్రముల నడుమ ఓడ నడపుచు యుద్ధము చేయుట అందలి కథ. పిదప ఇతడు ఫ్రీలాన్సర్ అను మఱియొక యాటను, అంతకు మునుపెన్నడు లేనంత విస్తారముగా నిర్మింపబూనెను. పని సాగి సాగి ధనము చాలకపోగా, 2000లో ఆ సంస్థ మైక్రోసాఫ్టువారి చేతిలోనికి పోయెను. రాబర్ట్స్ తొలగెను. క్రొత్త యజమానులు కోరికలను కత్తిరించి, 2003లో ఆటను వెలువరించిరి.

అభిమానులు దీనిని రెండు విధములుగా చెప్పుకొందురు. ‘వర్తకుల తొందర వలన గొప్ప స్వప్నము కుదించుకొని పోయె’నని కొందఱు, ‘ఇక చాలునని చెప్పువాడు దొరికెను గనుకనే పని పూర్తియయ్యె’నని మఱికొందఱు. నేటి యాశలన్నియు మొదటి మాటనుండియు, నేటి సందేహములన్నియు రెండవ మాటనుండియు పుట్టినవే.

2012 అక్టోబరులో రాబర్ట్స్ స్టార్ సిటిజన్‌ను ప్రకటించెను. ఈ మాఱు వర్తకుల జోలికి పోక, ఆడువారినే చందాలడిగెను. ఇట్లు పదిమంది చేతను చిన్నచిన్న మొత్తములు కూర్పించి పని చేయుట క్రొత్త గాదు. న్యూయార్కులోని స్వేచ్ఛా విగ్రహమునకు పీఠము కట్ట ధనము చాలనప్పుడు, 1885లో జోసఫ్ పులిట్జర్ అను పత్రికాధిపతి తన పత్రిక మూలమున లక్ష డాలర్లకు పైగా వసూలు చేసెను. ఇచ్చినవారి పేర్లనెల్ల పత్రికలో ముద్రించెను. మఱుసటి యేడు పీఠము లేచినది. ఇచట నొక భేద మున్నది. పీఠమెంత యెత్తో, ఎంత వ్యయమో, దానిపై నిలువవలసిన విగ్రహమేదో ముందే తెలియును. చందా చేరగానే చందా ముగిసినది.

స్టార్ సిటిజన్ విషయ మట్లు గాదు. కిక్‌స్టార్టరు అను చందాల వేదికపై 34,397 మంది 21 లక్షల డాలర్లిచ్చిరి. సంస్థవారి సొంత వసూలును గలుపుకొని, 2012 నవంబరు నాటికి 62 లక్షల డాలర్లు చేరెను. 2014 నవంబరునకు ఆట నందింతుమని నాడు చెప్పిరి. కాని చందా ఆగలేదు. చందా పెరిగిన కొలది హంగులు పెరిగెను. హంగులు పెరిగిన కొలది గడువు జరిగెను. గడువు జరిగిన కొలది మరల చందా! 2015 కడపటికి 10 కోట్ల డాలర్లు, 2022లో 50 కోట్లు, 2024లో 70 కోట్లు దాటినవి. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్న మన పెద్దలకు ఈ సంగతి క్రొత్త గాదు. మేస్త్రి గోడ లేపుచుండగా ‘ఈ ప్రక్కను మఱియొక గది, ఆ పైన నొక మేడ’ యనుచు పోయిన గృహస్థుడు గృహప్రవేశ మెప్పుడు చేసెను?

మాట తప్పిన తీరును కూడ చెప్పవలెను. ఆటలో సుమారు 100 నక్షత్ర మండలము లుండునని తొలినాళ్ళలో వాగ్దానము చేసిరి. 2024 డిసెంబరు నాటికి రెండు మండలములు మాత్రమే ఆటగాండ్ర యెదుటికి వచ్చినవి. పూర్తి యాటను వెలువరించునాటికి ఐదు మండలము లుండునని ఆ యేటనే చెప్పిరి. దీనితోడుగా ఒంటరిగా నాడుకొనుటకు స్క్వాడ్రన్ 42 అను కథారూపమైన యాటయు గలదు. మార్క్ హామిల్, గేరీ ఓల్డ్‌మన్ వంటి పేరుగల నటులు దానియందు నటించిరి. అది తొలుత 2014 అనిరి, పిదప 2016 అనిరి, ఆ మీదట 2020 అనిరి. 2024 అక్టోబరులో 2026 అనిరి.

అన్నిటికన్న మమ్మాశ్చర్యపఱచినది ఓడల విక్రయము. కట్టకముందే బొమ్మ చూపి ఓడ నమ్ముదురు. సంస్థవారు దీనిని కొనుగోలనరు, ‘ప్లెడ్జి’ యందురు. అనగా పనికి తోడ్పాటుగా నిచ్చు సొమ్మని భావము. 2013లో విక్రయమునకు పెట్టిన బాను మర్చంట్‌మన్ అను వర్తకపు ఓడ 2024 ముగియునప్పటికిని ఆటలోనికి రాలేదు. 2018లో ఓడలన్నిటిని జేర్చి 27,000 డాలర్ల మూట యొకటి కట్టిరి. అప్పటికే వేయి డాలర్లిచ్చినవారికి గాని ఆ మూట కంటబడదట! 2021లో బ్రిటనులోని ప్రకటనల పర్యవేక్షణ సంస్థ, ‘ఈ ఓడ యింకను ఆటలో లేదు’ అను మాటను ప్రకటనలలో స్పష్టముగా చెప్పవలెనని హెచ్చరించినది.

ఇంతవఱకు చదివినవారు ‘ఇది మోసము గదా’ యనవచ్చును. మేమట్లనజాలము. న్యాయము చెప్పవలసినప్పుడు రెండవ పక్షమును గూడ వినవలెను. పని జరుగుచున్నది. లాస్ ఏంజెలిసునందును, మాంచెస్టరునందును, ఇతర నగరములయందును వందలకొలది జనులు దినదినము పని చేయుచున్నారు. అసంపూర్ణమైన రూపముననే యైనను ఆటను నేడు ఆడవచ్చును. ఓడలోని గదినుండి లేచి, తలుపు తీసికొని, గ్రహముపై దిగి నడచి, మరల నెగిరి పోవుట యంతయు తెర మార్చకయే జరుగునట.

వారు తలకెత్తుకొన్న కష్టమును మన భాషలో చెప్పెదము. పెండ్లిలో నూఱుమందికి ఒక వడ్డన బృందము చాలును. వేలమంది వచ్చినచో పెక్కు బృందములు కావలెను. అతిథి యొక పంక్తినుండి మఱియొక పంక్తికి లేచి పోయినను, ఆతని విస్తరిలో నంతకుముందేమి వడ్డించిరో రెండవ బృందమువారికి తక్షణమే తెలియవలెను. పంక్తి మాఱిన ట్లతిథికి తెలియగూడదు! ఇట్టి యేర్పాటును వారు సర్వర్ మెషింగ్ అందురు. పెక్కు కంప్యూటరులు ఒకే లోకమును పంచుకొని నడపుట యన్నమాట. పూర్వము నూఱుమంది యొకచో నాడుట గగనముగ నుండగా, 2024 డిసెంబరున వచ్చిన 4.0 రూపముతో ఐదువందలమందికి చోటేర్పడెను. ఇది చిన్న విషయము గాదు.

పూర్తియైన యాటలయందును వెలితి యుండును. స్టార్ సిటిజన్‌తో పాటు 2012లోనే చందా లడిగిన ఎలైట్ డేంజరస్ అను బ్రిటను దేశపు ఆట 2014 డిసెంబరుననే వెలువడెను. కాని వెలువడుటకు సుమారొక నెల ముందు, ఇంటర్నెట్టు లేకయే యాడుకొను సౌకర్యము నియ్యజాలమని చెప్పిరి. దానిని నమ్మి చందా యిచ్చినవారు నొచ్చుకొనిరి. పూర్తి చేయుట యనగా కొంత విడిచిపెట్టుటయే యని దీనివలన తెలియుచున్నది. స్టార్ సిటిజన్‌వారికి విడిచిపెట్టుటయే మిగుల కష్టమైనది. ఓడ యెక్కువఱకు ఓడమల్లయ్య, దిగిన పిదప బోడిమల్లయ్య యను సామెత వారికి వర్తింపదు. ఏలయన, ఈ యోడ యింకను రేవు చేరలేదు. చందాదారుని దయ వారికి దినదినమును కావలసియే యున్నది. చిక్కంతయు నిందే యున్నదని మా యభిప్రాయము. వస్తువును అమ్మి బ్రతుకువాడు వస్తువును ముగింపగోరును. ఆశను అమ్మి బ్రతుకువాడు, ఎంత సత్యసంధుడైనను, ఆశను ముగింపలేడు. ఒక్క యజమాని యున్నచో ‘ఇక చాలు’ ననును. లక్షలమంది చిన్న యజమాను లున్నచో ఆ మాట యెవరనగలరు?

ఇక మా యింటి మాట యొకటి. మా చిన్నతనమున ఒక ప్రచురణకర్త ఆంధ్ర మహాభారతమును సవ్యాఖ్యానముగా సంపుటములు సంపుటములుగా ముద్రింతునని ముందుగా చందాలు కోరెను. మా అమ్మగారు పాల లెక్కలోను కూరల లెక్కలోను మిగిల్చిన సొమ్మునుండి చందా కట్టిరి. ఆది సభా పర్వములు వచ్చినవి. అరణ్యపర్వము సగము వచ్చినది. ఆపైన నేమియు రాలేదు. “నన్నయగారి కాలమునను అచ్చటనే యాగినది గదే! తిక్కన యెఱ్ఱనల కొఱకు లోకము రెండు మూడు వందల యేండ్లు కాచుకొన్నది” అని అమ్మగారు నవ్విరి. మాకు మాత్రము కోపము వచ్చినది. ఆ సొమ్ము రావలసిన బాకీ గదా యంటిమి. అప్పుడామె తన లెక్కల పుస్తకము తెచ్చి చూపిరి. చందా కట్టిన దినముననే ఆ మొత్తమును ‘రావలసినవి’ అను చోట గాక ‘ఖర్చు’ అను చోట వ్రాసికొని యుండిరి. “వచ్చినవఱకు చదివితిమి, అది లాభము. రానిదానికై యేడ్చుటకు లెక్కలో చోటు లేదు” అనిరి. పిదప మఱియొక సంగతియు చెప్పిరి. ఇంకొక పది రూపాయ లిచ్చినచో తక్కిన సంపుటములు త్వరలో వచ్చునని ఆ ప్రచురణకర్త జాబు వ్రాసెనట, ఆమె యియ్యలేదు. “ముందిచ్చినది ఆశకొఱకు. ఇప్పుడిచ్చునది భయముకొఱకు. భయమునకు నేను చందా కట్టను” అనిరి. అలమరలో ఆ సంపుటములకై విడిచిన ఖాళీలో మా బడి పుస్తకములు పెట్టుకొనుమనిరి.

కావున మా తోడికోడలికి మేమిట్లు వ్రాసితిమి: “అమ్మా! నీ భర్తతో పోట్లాడకుము, ఊరకయు నుండకుము. ఇద్దఱును కూర్చుండి ఇంతవఱకు నిచ్చినదెంతయో నిజముగా లెక్క వేసికొనుడు. ఆ మొత్తమును ‘ఖర్చు’ క్రింద వ్రాసి గీత గీయుడు. సినిమాకును ప్రయాణమునకును ఇచ్చినట్లే వినోదమున కిచ్చినదని యెంచుకొనుడు. గీత క్రింద మఱియొక మొత్తము చేరవలె నన్నచో, అది ఆశతో నిచ్చునదా, మునుపిచ్చినది పోవునను భయముతో నిచ్చునదా యని యడుగుము. ఆశయైనచో నీ యింటి వరుమానమునకు తగినంత యిమ్మనుము. భయమైనచో అర్ధడాలరైనను వలదు. చిన్ననాడు తన్ను సంతోషపెట్టిన వానిని మనుజుడు నమ్ముట దోషము గాదు. ఇంటివారికి తెలియకుండ నమ్ముటయే దోషము.”

మొన్న ఆమె ప్రత్యుత్తరము వచ్చినది. లెక్క వేసికొన్నారట. ఆమె భయపడినంత లేదట. అతడు చెప్పినంత తక్కువయు గాదట. పెద్ద ఓడ వచ్చువఱకు క్రొత్త ఓడ కొననని అతడు తనంతట మాట యిచ్చినాడట. గీత గీసిన రాత్రి ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, తన చిన్న ఓడలో నొక గ్రహము చుట్టును త్రిప్పి చూపినాడట.

“ఆట యెన్నటికి పూర్తియగునో తెలియదు గాని, అక్కా,” యని వ్రాసినది, “ఆ గ్రహము వెనుకనుండి సూర్యుడుదయించుట చూచితిని. అది మాత్రము కట్టడము ముగిసినట్లే యున్నది.”