స్కూటరు మనతో వస్తుంది, చెట్టు రాదు

మా తమ్ముడు మూడో తరగతి. పోయిన నెల పరీక్షలో "సజీవులకు మూడు ఉదాహరణలు రాయండి" అని అడిగితే ఆవు, వేపచెట్టు, నాన్న స్కూటరు అని రాసి వచ్చాడు. ఇంట్లో అందరం నవ్వాం. వాడు మాత్రం నవ్వలేదు. "స్కూటరు పెట్రోలు తాగుతుంది, పొగ వదులుతుంది, పరుగెత్తుతుంది, అరుస్తుంది. చెట్టు ఏం చేస్తుంది? ఊరికే నిలబడి ఉంటుంది. మరి చెట్టుకు ప్రాణం ఉండి స్కూటరుకు ఎందుకు లేదు?" అని నిలదీశాడు. తొమ్మిదో తరగతి చదువుతున్న నాకు వెంటనే జవాబు తోచలేదు. సిగ్గేసింది.

తర్వాత ఆలోచిస్తే వాడు అడిగింది నవ్వాల్సిన ప్రశ్న కాదనిపించింది. "కదులుతాయి, తింటాయి, శ్వాసిస్తాయి, విసర్జిస్తాయి" అని మనం బట్టీ పట్టిన లక్షణాలనే వాడు స్కూటరులో వెతికాడు. అవి దొరికాయి కూడా!

స్కూటరు ఇంజనులోకి పెట్రోలు ఆవిరి, గాలి కలిసి వెళతాయి. స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ పుట్టిస్తుంది. పెట్రోలు ఆక్సిజన్‌తో కలిసి మండి శక్తినిస్తుంది. కార్బన్ డై ఆక్సైడ్, నీటి ఆవిరి బయటికి పోతాయి. మన శరీర కణాల్లోనూ గ్లూకోజు ఆక్సిజన్‌తో కలిసి శక్తినిస్తుంది. మనం బయటికి వదిలేవీ కార్బన్ డై ఆక్సైడ్, నీటి ఆవిరే. చలికాలం ఉదయం సైలెన్సరు కొసన నీటిచుక్కలు కనిపిస్తాయి. అదే వేళ మన నోటి నుంచీ పొగలాంటి ఆవిరి వస్తుంది. తేడా ఏమిటంటే, మన ఒంట్లో మంట ఉండదు. ఆ పని 37 డిగ్రీల వేడి దగ్గర, మెల్లగా, మెట్టు మెట్టుగా జరుగుతుంది.

ఇక చెట్టు ఊరికే నిలబడి ఉండదు. ఆకుల మీది పత్రరంధ్రాలతో గాలి పీలుస్తుంది, వదులుతుంది. అత్తిపత్తిని ముట్టుకుంటే ముడుచుకోవడం మనందరం చూసిందే. 1858లో పుట్టిన జగదీశ్ చంద్ర బోస్ మొక్కల పెరుగుదలను వేల రెట్లు పెద్దది చేసి చూపే క్రెస్కోగ్రాఫ్ అనే పరికరాన్ని తయారుచేశారు. చెట్టు కదలిక మన కంటికి అందనంత నిదానం, అంతే.

మరి అసలు తేడా ఎక్కడుంది? నేను పుట్టిన ఏడాది కొన్న మా స్కూటరు ఇప్పటికి ఒక్క అంగుళం పెరగలేదు. నేను పెరిగాను. మోకాలు చీరుకుపోతే వారంలో కొత్త చర్మం వస్తుంది. టైరు పంక్చరైతే ఎన్నాళ్లు ఎదురుచూసినా అతుక్కోదు. మన ఎర్ర రక్తకణాలు దాదాపు 120 రోజులు బతుకుతాయి, వాటి చోట శరీరమే కొత్తవి తయారుచేసుకుంటుంది. స్కూటరుకు బోల్టు పోతే మనమే కొని బిగించాలి.

అయితే ఒక్క లక్షణం చూసి తీర్పు చెప్పకూడదు. కంచర గాడిదకు సాధారణంగా పిల్లలు పుట్టవు, అయినా అది ప్రాణే. డబ్బాలోని విత్తనం కదలదు, పెరగదు, కానీ దానిలో జీవం ఉంటుంది. అన్ని లక్షణాలూ కలిపి చూడాలి. పట్టిక బట్టీ పట్టడం కంటే, తమ్ముడిలా ఒక్కొక్క వస్తువునూ పరీక్షించి చూడటమే మంచి చదువని నా అభిప్రాయం. వాడి తప్పు జవాబు నుంచి నేను నేర్చుకున్నది, నా ఒప్పు జవాబుల నుంచి నేర్చుకోలేదు.

నాకు అన్నిటికంటే పెద్దగా కనిపించిన తేడా ఇంకొకటి ఉంది. స్కూటరును ఆపి, ఆరు నెలల తర్వాత బాగుచేసి మళ్లీ నడపవచ్చు. ప్రాణం ఒకసారి ఆగితే మళ్లీ మొదలుపెట్టలేం.

ఈ మాట మనలాంటి పిల్లలకు ఎక్కువ అవసరం. మూడు నాలుగేళ్లకోసారి మనకు బదిలీ. రెండేళ్ల క్రితం మేం ఊరు మారినప్పుడు నాన్న స్కూటరుకు సర్వీసింగ్ చేయించారు. ట్యాంకులోని పెట్రోలు మొత్తం తీయించి, గోనెపట్టాలు చుట్టించి, కాగితాలు చూపించి రైలు పార్సిలులో వేశారు. కొత్త ఊళ్లో పెట్రోలు పోసి రెండు కిక్కులు కొట్టగానే స్టార్టయింది. పెరట్లో అమ్మ నాలుగేళ్లు పెంచిన కరివేపాకు చెట్టు గురించి మాత్రం ఎవరం ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. ఆ వేసవంతా క్వార్టరుకు తాళం పడింది. చెట్టు ఎండిపోయిందని పక్కింటి ఆంటీ ఫోనులో చెప్పినప్పుడు అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

"ప్రభుత్వ క్వార్టరు, మనది కాదు కదా" అని కొందరు అంటారు. నిజమే, గోడలు మనవి కావు. కానీ ఆ మొక్కను నాటింది మనం. రోజూ అన్నం పెట్టి మచ్చిక చేసుకున్న పిల్లి కూడా మనం వెళ్లిపోయాక ఆ గుమ్మం దగ్గరే కూర్చుంటుంది. నిర్జీవమైన స్కూటరుకు అంత ఏర్పాటు చేసినవాళ్లం, ప్రాణం ఉన్నవాటికి కొంచెమైనా చేయలేమా?

ఇది పెద్ద ఖర్చు కాదు, కష్టమూ కాదు. బదిలీ ఉత్తర్వు రాగానే పక్కింటివాళ్లకు నీళ్ల బాధ్యత అప్పగించాలి. వచ్చేవాళ్ల కోసం ఏ మొక్కకు ఎన్ని నీళ్లో ఒక కాగితం మీద రాసి ఉంచాలి. పిల్లికో కుక్కకో అన్నం పెట్టే ఇల్లు ముందే చూడాలి. కరివేపాకు చుట్టూ పిలకలు వస్తాయి కాబట్టి, ఒకటి వేరుతో సహా తీసి కుండీలో వెంట తీసుకెళ్లవచ్చు. మంచు పడే ఊరికి వెళితే అది బతకడం కష్టం, అప్పుడు స్నేహితులకు ఇచ్చి వెళ్లాలి.

ఇప్పుడు తమ్ముడు స్కూటరు సజీవి కాదని ఒప్పుకున్నాడు. ఈసారి బదిలీ వస్తే మన జామమొక్కకు నీళ్లెవరు పోస్తారని నిన్న అడిగాడు. పక్కింటి అన్నయ్యను అడుగుదామని ఇద్దరం అనుకున్నాం.