ఒత్తుకి చోటేదీ?

ప్రతివారం ఎవరెవరి పోస్టర్లకో వంకలు పెట్టే నేను ఈ వారం నా పోస్టరు సంగతే చెప్పుకోవలసి వచ్చింది. వంకలు పెట్టే అవకాశం మీకూ ఓసారి ఇవ్వాలి కదా!

సోమవారం నా ఆఖరి పరీక్ష అయిపోయింది. నాలుగేళ్ళ అప్లయిడ్ ఆర్ట్స్ చదువుని ఓ గోడకి వేలాడదీస్తే, పరీక్షకులు ఇరవై నిమిషాల్లో చూసేసి కాఫీకి వెళ్ళారు. నేను తీసుకున్న విషయం పాత చిత్రాలకి కొత్త పోస్టర్లు. అందులో ముఖ్యమైనది బి.ఎన్.రెడ్డిగారి 'మల్లీశ్వరి' (1951). కళాదర్శకులు ఎ.కె.శేఖర్‌గారు రాయలనాటి వైభవాన్ని స్టూడియోలో కట్టి చూపించిన చిత్రం. దాని జోలికి వెళ్ళడమే సాహసం.

ఈ చిత్రానికి మొదటి ఏడాదిలోనే ఓసారి పోస్టరు వేశాను. హంపీ రాతిరథం, వాన, రాయలవారు, నాగరాజు చేతిలో ఉలి, పల్లకి, వెనకాల సూర్యాస్తమయం - ఒక్కటీ వదల్లేదు. మా మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఇందులో మల్లి ఎక్కడుందమ్మా?" అన్నారు. ఉంది. ఓ మూల, రథచక్రం పక్కన. ఆ రాత్రి హాస్టల్లో ఏడ్చాను. మాస్టారికి కళాహృదయం లేదని డైరీలో రాసుకున్నాను కూడా.

రెండో ఏడాది బాపుగారి పిచ్చి పట్టింది. గీసిన ప్రతి ఆడపిల్లకీ చారెడేసి కళ్ళు, బారెడు జడ. ఆయన గీత చూడ్డానికి రెండు నిమిషాల పనిలా ఉంటుంది. నాకది రెండేళ్ళయినా రాలేదు. రానందువల్లే నా చెయ్యి ఎటు వంగుతుందో తెలిసింది లెండి.

ఈసారి పల్లకి ఒక్కటే ఉంచాను. రాజుగారు పంపిన పల్లకి, తెర సందులోంచి ఓ చెయ్యి. మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీ వదలడానికి నాలుగేళ్ళు పట్టింది నాకు.

ఇంతకీ అసలు కథ ఇది కాదు. మా నాన్న ఒకప్పుడు విజయవాడ గాంధీనగర్‌లో సినిమా బ్యానర్లు రాసేవారు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. తెనాలి చేరి షాపుల బోర్డులు, బళ్ళ నంబరు ప్లేట్లు రాసుకుంటున్నారు. కాలేజీలో ఎవరైనా అడిగితే, నాన్నది "బిజినెస్" అనేదాన్ని.

సంక్రాంతికి పోస్టరు ఇంటికి పట్టుకెళ్ళాను. నాన్న చాలాసేపు చూసి, "బొమ్మ బాగుంది అమ్మలూ. అక్షరాలకే ఊపిరాడ్డం లేదు" అన్నారు.

నిజమే. కంప్యూటర్లో ఉన్న అక్షరాల్నే సాగదీసి పెట్టాను. ఈ పేరులో ల్లీ, శ్వ పక్కపక్కనే వస్తాయి. రెండు ఒత్తులూ కిందికి దిగి తారల పేర్ల మీద కూర్చున్నాయి. కూర్చోకుండా వాటిని చిన్నవి చేసి పైకి నొక్కేశాను. ఇంగ్లీషు అక్షరాలు బల్లమీద పిల్లల్లా వరసగా కూర్చుంటాయి. మన అక్షరానికి నెత్తిన గుడి ఉంటుంది, కాళ్ళకి ఒత్తు వేలాడుతుంది.

నాన్న సుద్దముక్క తీసుకుని అరుగుమీద కూర్చున్నారు. ముందు అక్షరాలు రాయలేదు, ఒత్తులు రాశారు. ల ఒత్తు తోకని వ ఒత్తు కిందుగా లాగి పల్లకి బొంగులా చేశారు. పైన అక్షరాలు తర్వాత వచ్చాయి. "పైన ఎవడైనా రాస్తాడే. ముందు ఒత్తుకి చోటు చూసుకోవాలి" అన్నారు. పెద్ద గుడ్డమీద చోటు చాలకపోతే, రాత్రంతా రాసిందానికి తెల్లరంగు కొట్టి మళ్ళీ మొదలెట్టడమేనట.

ఆ సుద్దగీతల్ని ఫోన్లో ఫొటో తీసుకుని, వాటి మీదే నా అక్షరాలు గీశాను.

పరీక్షకుల్లో ఒకావిడ అక్కడే ఆగి, "లెటరింగ్ చాలా బాగుంది, ఎవరిది?" అని అడిగింది.

"నాదేనండీ" అన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది.

రాత్రి నాన్న ఫోను. "ఏమన్నారే?"

"అక్షరాలు బాగున్నాయన్నారు నాన్నా."

"చూశావా మరి!" అని, అదే మాట అమ్మకి కేకేసి చెప్పడం వినబడింది. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు.

మర్నాడు మాస్టారికి ఉన్నమాట చెప్పేశాను. మార్కులు తగ్గవచ్చన్నారు. కాస్సేపాగి, "ముందే చెబితే ఆయన్నే క్లాసుకి పిలిచేవాళ్ళం కదమ్మా" అన్నారు. మార్కుల సంగతి ఇంకా తేలలేదు.

ప్రదర్శన ఆదివారం దాకా ఉంటుంది. శనివారం నాన్న వస్తున్నారు. పోస్టరు కింద చీటీమీద నా పేరొక్కటే ఉంది. ఈలోగా అది మార్చాలి. నాన్న పేరులో రెండు ఒత్తులున్నాయి, చీటీ కాస్త పెద్దదే కావాలి.

వచ్చేవారం మళ్ళీ మామూలే: మీరూ, నేనూ, ఇతరుల పోస్టర్లూ.