అంతస్సంఘర్షణ ఎవరిది? స్వలింగ ప్రేమ పాత్రలు – మన విమర్శ పద్ధతి

వ్యాస సంగ్రహం: స్వలింగ ప్రేమ పాత్రలున్న కథ, నవల, నాటకాలను అధ్యయనం చేసేటప్పుడు 'సామాజిక సంఘర్షణ', 'అంతస్సంఘర్షణ' అని రెండు అధ్యాయాలుగా విడదీయడం మన పరిశోధనలో అలవాటుగా స్థిరపడుతోంది. ఈ విభజన బయటి శిక్షను లోపలి లోపంగా మార్చి చూపుతుందని ఈ వ్యాసం వాదిస్తుంది. ఇందుకు 'కోబాల్ట్ బ్లూ', 'మారిస్', 'లిహాఫ్', 'మోహనస్వామి' రచనలను ప్రధాన ఆధారాలుగా తీసుకుంటుంది.

కీలక పదాలు: స్వలింగ ప్రేమ, అంతస్సంఘర్షణ, పాత్ర చిత్రణ, విమర్శ పరిభాష, ముగింపు.

1. ప్రవేశిక

స్వలింగ ప్రేమ పాత్రలపై ఒక సిద్ధాంత వ్యాసం మన ముందుకు వచ్చిందనుకుందాం. విషయసూచిక తెరవకుండానే అందులోని అధ్యాయాల పేర్లు చెప్పవచ్చు. సమస్య స్వరూపం, సామాజిక సంఘర్షణ, అంతస్సంఘర్షణ, రచయిత సూచించిన పరిష్కారం. ఈ చట్రం మనకు కొత్తది కాదు. వరకట్నం, నిరుద్యోగం, కరవు వంటి అంశాలపై వచ్చిన నవలలను చదవడానికి మనం తయారుచేసుకున్నదే. వరకట్నం సమస్యే. కరవు సమస్యే. కానీ ప్రేమించడం ఏ లెక్కన సమస్య అవుతుంది? ఈ ప్రశ్న వేసుకోకుండానే పాత చట్రంలో కొత్త పాత్రలను ఇరికిస్తున్నాం. మౌఖిక పరీక్షలో "ఈ సమస్యకు రచయిత చూపిన పరిష్కారం ఏమిటి?" అని అడుగుతున్నాం.

చట్రం తప్పయినప్పుడు సానుభూతి దాన్ని సరిదిద్దలేదు. తరచు ఆ తప్పును కప్పిపుచ్చుతుంది. నా వాదం ఇది: ఈ పాత్రల విషయంలో అంతస్సంఘర్షణ అని మనం పేరు పెడుతున్నది సమాజానికి వెలుపల, వ్యక్తి స్వభావంలో పుట్టినది కాదు. సమాజం విధించిన శిక్ష మనసులోకి దిగి, తన గొంతునే ఆ వ్యక్తి గొంతుగా వినిపించడం అది. దాన్ని ప్రత్యేక అధ్యాయంగా విడదీసిన క్షణంలోనే విమర్శకుడు శిక్ష వేసినవారిని విడిచి, శిక్ష పడినవారిని విచారించడం మొదలుపెడతాడు.

2. పరిభాషలోనే ఉన్న తీర్పు

మన వ్యాసాల్లో ఎక్కువగా కనిపించే మాట 'స్వలింగ సంపర్కం'. ఈ మాట ఒక చర్యను మాత్రమే చెబుతుంది. భార్యాభర్తల అనురాగాన్ని చిత్రించిన నవలను 'భిన్నలింగ సంపర్క నవల' అని ఏ విమర్శకుడూ అనడు. అక్కడ ప్రేమ, దాంపత్యం, విరహం, అలక అనే మాటలు ఉన్నాయి. ఇక్కడికి వచ్చేసరికి మన నిఘంటువు సంపర్కం దగ్గర ఆగిపోతుంది. విరహాన్ని ఎన్ని అవస్థలుగానో విభజించుకున్న అలంకారశాస్త్రం చదివినవాళ్లం. ఒక పురుషుడు మరొక పురుషుని కోసం నిద్ర లేకుండా గడిపిన రాత్రిని మాత్రం విరహమని పిలవడానికి వెనుకాడుతున్నాం.

ఇంకొక గందరగోళం ఉంది. హిజ్రా జీవితాన్ని చిత్రించిన నవలనూ, స్వలింగ ప్రేమను చిత్రించిన కథనూ ఒకే కట్టగా కట్టి విశ్లేషించడం. మొదటిది తాను స్త్రీనా, పురుషుడా, మరొకరా అన్న అస్తిత్వానికి సంబంధించినది. రెండవది ఎవరిని ప్రేమిస్తున్నాం అన్నదానికి సంబంధించినది. రెండింటికీ వెలి సమానమే కావచ్చు, విషయం ఒకటి కాదు. ఈ భేదం పాటించని పరిశోధన ఆధార గ్రంథాల ఎంపికలోనే దారి తప్పుతుంది.

3. ఒకే ప్రియుడు, రెండు దుఃఖాలు

నా వాదానికి అత్యంత స్పష్టమైన ఆధారం సచిన్ కుండల్కర్ మరాఠీ నవల 'కోబాల్ట్ బ్లూ' (2006). ఒక మధ్యతరగతి ఇంటికి ఒక యువకుడు అద్దెకు వస్తాడు. ఆ ఇంటి అబ్బాయి తనయ్ అతన్ని ప్రేమిస్తాడు. అతని చెల్లెలు అనుజా కూడా ప్రేమిస్తుంది, అతనితో ఇల్లు విడిచి వెళ్లిపోతుంది. కొంతకాలానికి అతను ఆమెనూ వదిలి వెళ్లిపోతాడు. ఆమె తిరిగి ఇంటికి వస్తుంది. నవల రెండు భాగాలు. మొదటిది తనయ్ స్వగతం, రెండవది అనుజా రాత. అద్దెకు వచ్చిన యువకుడికి రచయిత పేరు కూడా పెట్టలేదు.

ఈ నిర్మాణాన్ని గమనించాలి. ప్రియుడు ఒకడే. వదిలివెళ్లిన తీరు ఒకటే. ప్రేమించినవాళ్లు ఒకే ఇంట్లో, ఒకే తల్లిదండ్రుల దగ్గర పెరిగినవాళ్లు. మారినది ఒక్కటే: ఎవరి దుఃఖానికి ఆ ఇంట్లో పేరుంది, ఎవరి దుఃఖానికి లేదు అన్నది. అనుజా చేసినది ఆ ఇంటి దృష్టిలో తప్పే. అయినా అది అందరికీ అర్థమయ్యే తప్పు. ఇల్లంతా దానికి కదిలిపోతుంది, కోప్పడుతుంది, చికిత్స గురించి ఆలోచిస్తుంది. తనయ్ మాత్రం ఏమీ కోల్పోనివాడిలా తిరగాలి. అతను తన భాగమంతా వెళ్లిపోయిన ప్రియుణ్ణి 'నువ్వు' అని సంబోధిస్తూ చెబుతాడు. ఆ మాటలు వినడానికి అతనికి ఇంకెవరూ లేరు కాబట్టి.

తనయ్ భాగానికి 'అంతస్సంఘర్షణ' అనీ, అనుజా భాగానికి 'కుటుంబ సంఘర్షణ' అనీ పేర్లు పెట్టే విమర్శ ఈ నవలను తలకిందులుగా చదివినట్టే. తనయ్ దుఃఖం లోపలిదైనది అతని స్వభావం వల్ల కాదు, బయట దానికి చోటు లేకపోవడం వల్ల. రెండు భాగాలను పక్కపక్కన పెట్టి కుండల్కర్ నిరూపించిన విషయాన్ని రెండు అధ్యాయాలుగా విడగొట్టి మనం చెరిపేస్తున్నాం.

4. వైద్యశాస్త్రం వదిలేసిన వర్గీకరణ

మనోవైద్య శాస్త్ర చరిత్ర ఇక్కడ పాఠం చెబుతుంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లో స్వలింగ ప్రేమను మానసిక రుగ్మతల జాబితా నుంచి తొలగించింది. కానీ 1980లో వెలువడిన మూడవ సంచికలో ఒక కొత్త పేరు చేర్చింది. స్వలింగ ప్రేమ రుగ్మత కాదు, తన లైంగికతతో తనకే పొసగక బాధపడటం మాత్రం రుగ్మత అని దాని అర్థం. అంటే మన భాషలో అంతస్సంఘర్షణే. ఇది నిలవలేదు. తనను నిందించే సమాజంలో పెరిగినవారు తమను తాము నిందించుకోవడంలో ఆశ్చర్యం ఏముంది, దాన్ని ఆ వ్యక్తి జబ్బుగా ఎలా నమోదు చేస్తాం అన్న విమర్శ వచ్చింది. 1987లో ఆ పేరునూ తీసేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో ఆమోదించిన పదవ వర్గీకరణలో స్వలింగ ప్రేమను రుగ్మతగా తొలగించినా ఇలాంటి పేరును ఉంచింది. 2022లో అమలులోకి వచ్చిన పదకొండవ వర్గీకరణలో అదీ లేదు.

కొలమానాలతో పనిచేసే వైద్యమే ఈ బాధను వ్యక్తి ఖాతాలో వేయడం తప్పని ఒప్పుకుంది. మనుషుల మధ్య సంబంధాలను చదవడమే వృత్తిగా గల సాహిత్య విమర్శ మాత్రం ఆ వదిలేసిన వర్గీకరణకు అధ్యాయ శీర్షిక హోదా ఇచ్చి కాపాడుతోంది.

5. మరణం అనే అనుమతి పత్రం

విషాదాంతాన్ని వాస్తవికతకు గీటురాయిగా తీసుకోవడం మరొక అలవాటు. విజయ్ టెండూల్కర్ నాటకం 'మిత్రాచీ గోష్ట' 1981లో ప్రదర్శితమైంది. మరొక స్త్రీని ప్రేమించిన మిత్ర చివరికి ఆత్మహత్య చేసుకుంటుంది. ఆ కాలంలో ఈ వస్తువును రంగస్థలం మీదికి తేవడం సాహసం, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఇలాంటి ముగింపులన్నిటినీ 'వాస్తవిక చిత్రణ' అని మెచ్చుకునే ముందు ఇ.ఎం. ఫార్‌స్టర్ అనుభవాన్ని తలచుకోవాలి.

ఫార్‌స్టర్ 'మారిస్' నవలను 1913-14లో రాశాడు. అతను 1970లో మరణించాక, 1971లో గాని అది అచ్చు కాలేదు. మారిస్ తన ప్రేమను చెప్పుకుంటే కుటుంబ వైద్యుడు వినడానికే నిరాకరిస్తాడు. వశీకరణ విద్యతో నయం చేయబోయిన మరొక వైద్యుడు చేతకాక, ఇలాంటి ప్రేమ నేరం కాని దేశానికి వెళ్లిపొమ్మంటాడు. తొలి ప్రియుడు క్లైవ్ గ్రీసు ప్రయాణం తర్వాత తాను మారిపోయానని ప్రకటించి, పెళ్లి చేసుకుని, పెద్దమనిషిగా స్థిరపడతాడు. మారిస్ మాత్రం క్లైవ్ ఎస్టేటులో పనిచేసే అలెక్‌తో కలిసి జీవించడానికి తన హోదాను వదులుకుంటాడు. నవల సుఖాంతం.

ఈ సుఖాంతం గురించి ఫార్‌స్టర్ 1960లో రాసిన అనుబంధ వ్యాఖ్య మనకు ముఖ్యం. సుఖాంతం తప్పనిసరి అనుకునే ఈ నవల రాశానని అతను చెప్పుకున్నాడు. నాయకుడు ఉరితాడుకు వేలాడినట్టో, ఇద్దరూ కలిసి చనిపోయినట్టో ముగించి ఉంటే ప్రచురణ సులువయ్యేదని కూడా గుర్తించాడు. చట్టానికి, మర్యాదకు అభ్యంతరం ప్రేమ మీద కాదు, ప్రేమించినవారు శిక్ష పడకుండా బతకడం మీద. చావు ఇక్కడ కళాత్మక అవసరం కాదు, రచన బయటికి రావడానికి కట్టవలసిన సుంకం. ఆ సుంకం కట్టిన రచనలను వాస్తవికమనీ, కట్టనివాటిని ఊహాలోకమనీ అనే విమర్శ తెలియకుండానే సుంకం వసూలు చేసే పనిలో ఉంది.

6. కారణాల వేట

ఇస్మత్ చుగ్తాయ్ ఉర్దూ కథ 'లిహాఫ్' (1942) మీద లాహోర్‌లో అశ్లీలత అభియోగం మోపారు, అది నిలవలేదు. ఈ కథ గురించి మన తరగతి గదుల్లో ఒకే వివరణ వినిపిస్తుంది. నవాబు నిర్లక్ష్యం చేశాడు కాబట్టి బేగం జాన్ తన పరిచారిక రబ్బు వైపు మళ్లిందని. కథలో నిర్లక్ష్యం ఉన్న మాట నిజమే. కానీ ఆ నిర్లక్ష్యానికి కారణమైన నవాబు ఆసక్తి యువకుల మీద. ఒకే ఇంట్లో స్వలింగాకర్షణ గల రెండు పాత్రలున్నాయి. ఒకటి మగవాడిది, ధనికుడిది, గౌరవనీయుడిది. అతను యువకులను చదివిస్తున్న దాతగా చలామణి అవుతాడు. రెండవది పరదా చాటున బంధించిన స్త్రీది. నవాబు అంతస్సంఘర్షణ గురించి ఎవరైనా వ్యాసం రాశారా? రాయరు. అధికారం ఉన్నచోట కోరికకు కారణం అడగరు. అడిగేది అధికారం లేనివారినే. కథలోని అసలు భేదం కోరికలో లేదు, ఆ కోరికకు ఇంట్లో దొరికిన స్థలంలో ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బేగం జాన్ ఒక సందర్భంలో కథ చెబుతున్న చిన్నపిల్ల పట్ల హద్దు మీరుతుంది. ఆ పిల్ల భయం నిజమైనది, దాన్ని వెనకేసుకురావలసిన పని లేదు. కానీ ఆ భయాన్ని బేగం, రబ్బుల సంబంధం మీదికి మళ్లించడం వేరు. పసివారిపై అతిక్రమణ, ఇద్దరు వయోజనుల మధ్య అనురాగం, ఈ రెండింటినీ వేరుచేసి చూపలేని విమర్శ ఇద్దరికీ అన్యాయం చేస్తుంది.

7. మనకు దగ్గరి నిదర్శనం

బళ్లారి జిల్లా సండూరులో పుట్టిన వసుధేంద్ర కన్నడ కథాసంపుటి 'మోహనస్వామి' 2013లో వచ్చింది, తెలుగులోకీ అనువాదమైంది. మొదటి కథలో మోహనస్వామి ప్రియుడు కార్తీక్ ఒక అమ్మాయిని పెళ్లి చేసుకోబోతాడు. మోహనస్వామి వేదనను అసూయ, న్యూనత, ఒంటరితనం అని జాబితా వేయవచ్చు. కానీ ఆ వేదన పుట్టిన చోటు పెళ్లి. కార్తీక్‌కు బంధువులు, పురోహితుడు, చట్టం కలిసి పరిచిన బాట ఉంది. మోహనస్వామికి తన సంబంధం తెగిపోయిందని చెప్పుకోవడానికి కూడా సాక్షి లేడు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్ నుంచి వయోజనుల పరస్పర అంగీకార సంబంధాలను మినహాయించింది. నేరభయం పోయింది. 2023 అక్టోబరు 17న అదే న్యాయస్థానం వివాహ హక్కును గుర్తించడానికి నిరాకరించింది. కాబట్టి 2013 నాటి ఆ కథ నేటికీ పాతబడలేదు. ఒక పాత్ర మనసులోని ముడి న్యాయస్థానపు తేదీలతో ఇంతగా ముడిపడి ఉన్నప్పుడు అది కేవలం లోపలిదని ఎలా అంటాం?

అదే మోహనస్వామి ఇంకొక కథలో కిలిమంజారో ఎక్కుతాడు. వేదన మాత్రమే వెతికే పరిశోధకుడికి ఆ కథలో ఏమీ దొరకదు. చట్రంలో ఇమడదు కాబట్టి దాన్ని వదిలేస్తాడు. శిఖరం వైపు నడుస్తున్న మనిషిని వదిలేసి, ఏడుస్తున్న మనిషినే ఉదాహరించడం కూడా ఒక తీర్పే.

8. పూర్వపక్షం – సమాధానం

సంఘర్షణ లేకపోతే కథ ఎక్కడిది అనే ఆక్షేపణ రావచ్చు. సంఘర్షణ లేదని నేను అనడం లేదు. దాని చిరునామా సరిగా రాయమంటున్నాను. క్లైవ్‌లో, మారిస్‌లో, తనయ్‌లో సంఘర్షణ ఉంది. అది వారి ప్రేమకూ వారికీ మధ్య కాదు, వారి ప్రేమకూ దాన్ని ఉండనివ్వని వ్యవస్థకూ మధ్య.

ఈ పాత్రలు కూడా మనుషులే కదా, తమతో తాము పోరాడే హక్కు వారికి లేదా అనే ప్రశ్న మరింత బలమైనది. తప్పక ఉంది. క్లైవ్ పిరికితనం, నవాబు కపటం, బేగం జాన్ అతిక్రమణ వారివే. వాటికి వారే బాధ్యులు. కానీ అవి వ్యక్తుల గుణదోషాలు, ప్రేమ స్వరూపం నుంచి పుట్టినవి కావు. ఆ తేడా చూపడమే పాత్ర చిత్రణను విశ్లేషించడం.

9. ముగింపు

ఇకపై ఈ అంశంపై పరిశోధన చేసేవారు మూడు పనులు చేయాలని ప్రతిపాదిస్తున్నాను. సంపర్కం అనే మాట స్థానంలో ప్రేమ, అనురాగం, విరహం అనే మాటలను వాడాలి. రెండు సంఘర్షణల అధ్యాయాలను కలిపి, ప్రతి వేదనకూ దాన్ని పుట్టించిన ఇల్లు, బడి, చట్టం, వైద్యం ఏదో చూపాలి. సుఖాంతాలను, సంఘర్షణ లేని కథలను కూడా ఆధార గ్రంథాలుగా స్వీకరించాలి.

ఇది కేవలం పద్ధతికి సంబంధించిన చర్చ కాదు. మన తరగతి గదుల్లో, పరిశోధక విద్యార్థుల్లో ఈ పాత్రలను చదువుతూ తమను తాము చూసుకునేవారు ఉన్నారు. వారు మనకు చెప్పకపోవచ్చు. సమస్య స్వరూపం, పరిష్కారం అని మనం నల్లబల్ల మీద రాస్తున్నప్పుడు వారు దాన్ని తమ నోటుపుస్తకంలో ఎక్కించుకుంటున్నారు. రేపు వారి అంతస్సంఘర్షణకు కారణాలు వెతికే పరిశోధకుడు ఆ నోటుపుస్తకాన్ని కూడా ఆధారంగా చూపవలసి వస్తుంది.